ఓబెడ్ స్ట్రాటన్‌కు ఇచ్చిన మాట

ఇథమార్ వైల్డర్ మా ఇండియానా రాష్ట్రపు న్యాయవాదులలో మొదటి వరుసలో నిలిచినవాడు. ఆయన సెనేటరు కాలేదు. కాకపోవడానికి కారణం నేను. ఇది ఇతరులు నాపై మోపిన నేరం కాదు. నాకు నేనుగా ఒప్పుకొంటున్న సంగతి.

ఇరవై రెండేళ్లు మేమిద్దరం ఒకే గుర్రబ్బండిలో జిల్లా కోర్టులన్నీ తిరిగాము. పూటకూళ్ల ఇళ్లలో ఒకే మంచం పంచుకున్నాము. ఆయన వాదించేవాడు, నేను కాగితాలు సిద్ధం చేసేవాడిని. తరువాత ఇద్దరమూ శాసనసభకు ఎన్నికయ్యాము.

దేశపు చట్టసభకు వెళ్లే సెనేటరును ఆ రోజులలో ప్రజలు కాక శాసనసభ్యులే ఎన్నుకొనేవారు. ఒక ఏడు జనవరిలో మా పక్షం వైల్డర్‌ను నిలబెట్టింది. మేము డెబ్బై అయిదుగురం. ఎదుటి పక్షం వారూ అంతే. వారి అభ్యర్థి దక్షిణాది తోటల యజమానుల మనిషి. పారిపోయిన బానిసను ఏ రాష్ట్రంలో ఉన్నా పట్టి అప్పగించాలనే చట్టం రాబోతున్నదని, దానికి ఆయన చేయి ఎత్తుతాడని అందరికీ తెలుసు.

ఎన్నికకు వారం ముందు ఎదుటి పక్షం సభ్యుడు ఓబెడ్ స్ట్రాటన్ ఊపిరితిత్తుల జ్వరంతో మంచం పట్టాడు. మా సభలో ఒక మర్యాద ఉండేది. ఒకడు జబ్బు పడితే ఎదుటి పక్షంలో ఒకడు తానూ ఓటు వేయనని మాట ఇచ్చేవాడు. దానిని జత కట్టడం అనేవారు. కాగితం ఉండదు, సాక్షి ఉండడు. నేను వెళ్లి స్ట్రాటన్ చేయి పట్టుకుని మాట ఇచ్చాను.

ఎన్నిక నాటి ఉదయం స్ట్రాటన్ మరణించాడు.

ఇప్పుడు వారు డెబ్బై నలుగురు. నేను నోరు తెరిచి వైల్డర్ పేరు పలికితే మేము డెబ్బై అయిదుగురం.

తొమ్మిది గంటలకు స్ట్రాటన్ బావమరిది నా బసకు వచ్చాడు. టోపీ తీయకుండానే అన్నాడు: "మీ మాట మీకు తిరిగిచ్చేశానని మా అక్క చెప్పమంది. ఓటేస్తారో మానతారో ఇక మీ ఇష్టం."

"అయ్యా, నేను మాట ఇచ్చింది మీ బావగారికి. నన్ను విడుదల చేయగలవారు వారొక్కరే."

"అయితే పైకెళ్లి అడిగి రండి," అని అతను విసురుగా వెళ్లిపోయాడు.

నేను వైల్డర్ ఇంటికి వెళ్లాను. ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. భార్య డ్రుసిల్లా ఆయన మంచి కోటు దులుపుతున్నది. జరిగినదంతా చెప్పాను.

"పోయినాయన లేచొచ్చి నిలదీస్తాడా ఏంటి, ఫినియస్ గారూ?" అన్నదామె. "ఇరవై రెండేళ్లు ఈ మనిషి గుర్రం మీదే కాపురం చేశాడు. నేను గోడలతో మాట్లాడుకున్నా. పేరు పిలిచినప్పుడు ఒక్క ముక్క అనండి. మీ నోరేం అరిగిపోతుంది?"

వైల్డర్ కత్తి తుడిచి పక్కన పెట్టాడు. "ఫినియస్, నువ్వు నన్ను అడగడానికొచ్చావా, చెప్పడానికొచ్చావా?"

"చెప్పడానికే వచ్చాను."

"అయితే ఇంకేముందోయ్! కాఫీ తాగి పో," అని ఆయన నవ్వాడు. చెంప మీద సబ్బు నురగ అలాగే ఉంది.

సభలో నా పేరు పిలిచారు. "జతలో ఉన్నాను," అన్నాను. ఎదుటి పక్షంలో ఒకడు "ఎవరితో, దెయ్యంతోనా?" అని అరిచాడు, సభంతా నవ్వింది. లెక్క డెబ్బై నాలుగు, డెబ్బై నాలుగు. రెండోసారి పేర్లు పిలిచేసరికి మావాడొకడు పోస్టుమాస్టరు పదవికి ఆశపడి అటు జారిపోయాడు. అంతటితో ముగిసింది. వైల్డర్ గెలిచినవాని దగ్గరకు నడిచి వెళ్లి చేయి కలిపాడు.

మరుసటి ఏడు ఆ చట్టం వచ్చింది. వాబాష్ నది రేవులో మూటలు మోసే గిడియన్ అనే నల్లజాతి కూలివానిని ఆ చట్టం కిందనే పట్టుకున్నారు. వైల్డర్ అతని పక్షాన రెండు రోజులు వాదించాడు. పట్టుబడినవాని సాక్ష్యం చెల్లదని చట్టంలోనే రాసి ఉంది. అతను తన గురించి తాను ఒక్క మాట కూడా చెప్పుకోలేకపోయాడు. గొలుసులతో పడవ ఎక్కించారు. వైల్డర్ గట్టున చాలాసేపు నిలబడ్డాడు. అటుపై పెద్ద కేసులు తీసుకోలేదు. ఏ ఎన్నికకూ నిలబడలేదు. నాతో ఎప్పటిలాగే తిరిగాడు, నవ్వాడు, ఒకే మంచం మీద పడుకున్నాడు. ఆనాటి ఓటు మాట పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా ఎత్తలేదు.

చివరికి ఒక వసంతకాలపు మధ్యాహ్నం, కోర్టుకు పోతూ దారిలోని పూటకూళ్ల ఇంట్లో జ్వరంతో పడిపోయాడు. డ్రుసిల్లాకు కబురు పంపాను. ఆమె రావడానికి రెండు రోజులు పడుతుంది. వైద్యుడు నన్ను గుమ్మం బయటికి పిలిచి, అన్నాళ్లు ఆగడని చెప్పి వెళ్లిపోయాడు.

"ఫినియస్," అన్నాడు వైల్డర్. "ఆ రోజు నువ్వు ఓటేసుంటే ఎవరైనా నిన్ను తప్పు పట్టేవాళ్లా?"

నేను జీవితంలో ఆయనతో అబద్ధం ఆడలేదు. ఆడవలసిన సమయం ఏదైనా ఉంటే అది అదే.

"ఎవరూ పట్టేవారు కారు," అన్నాను.

"స్ట్రాటన్ పెళ్లాం కూడానా?"

"ఆమె ఆ ఉదయమే విడుదల చేసింది. నీతో చెప్పాను."

"చెప్పావు," అన్నాడు. "నువ్వే మనసు మార్చుకుంటావనుకున్నా. సభలో నీ పేరు పిలిచేదాకా అనుకుంటూనే ఉన్నా."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తరువాత నాతో మాట్లాడలేదు.