తెల్లదారం ఊచ

నాలుగో ఊచను చింతపండుతో తోమి కొంగుకు తుడిచేసరికి అంజవ్వకు ఎడమ భుజం లాగింది. నిన్నటినుంచీ అదే వరస. కూర్చుని కూర్చుని పట్టేసిందిలే అనుకుని, ఊచను కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. ఎక్కడా తుప్పు మచ్చ లేదు. పెనిమిటి రాజారాం సైకిలు చక్రంలోవి ఇవి. ఆయన పోయి పదకొండేళ్లయినా ఆ సైకిలును పాత ఇనుముకు వెయ్యలేదు. అడిగిన ప్రతివాడితోనూ తగువే. అలాంటిది మొన్న తనే దాని వెనక చక్రం విప్పించి, నాలుగు ఊచలు పీకించి, కొసలు సాన పట్టించింది. ఎందుకవ్వా అని అడిగిన సైకిలు షాపు నర్సింలుతో "దావత్ జేస్తున్న" అంది. వాడు తల గోక్కుంటూ సాన తిప్పాడు. సైకిలు ఊచలతో దావత్ చేసే మనిషితో ఏం మాట్లాడతాడు పాపం!

రాత్రి నానబెట్టిన తునికాకును తడి గోనెగుడ్డలోంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. కత్తెర దానంతటదే ఆడుతోంది. యాభై ఏళ్లుగా ఆ కత్తెర శబ్దంతోనే గాజుల్‌పేటలో ఆమెకు పొద్దెక్కుతుంది. మధ్యమధ్య చెయ్యి ఆపి, ఊచల మొదళ్లకు దారాలు చుడుతోంది. బీడీ కట్టే దారాలే. ఎర్రది అనసూయమ్మకు, పచ్చది సవితకు, గులాబీది శిరీషకు, ముగ్గురూ తనతో కూర్చుని బీడీలు చుట్టేవాళ్లే. తనకు తెల్లది, ఆ ఊచను కిటికీలో పెట్టింది. ఎవరి ఊచ ఎవరిదో తెలియాలట, ఫోనులో చూసిన వీడియోలో అట్లాగే ఉంది.

ఆ వీడియో చూపించింది శిరీషే. పక్కింటి కోడలు, నలుగురిలోకీ చిన్నది. చేతిలో బీడీ, తొడ మీద ఫోను, రెండింటి మీదా కన్ను వేయగల పిల్ల. మంచు కురిసే ఊళ్లో ఒక ఇల్లు, బల్ల మధ్య చిన్న గిన్నె, కింద సన్నని మంట. గిన్నెలో చీజ్ కరుగుతోంది. చుట్టూ ఆడవాళ్లు పొడుగాటి పుల్లలకు బ్రెడ్డు ముక్కలు గుచ్చి, ముంచి, తిప్పి తింటున్నారు. దాన్ని ఫాండ్యూ అంటారంది శిరీష. బ్రెడ్డు గిన్నెలో జారవిడుచుకున్నవాళ్లు పాట పాడాలట. సవిత, అనసూయమ్మ నవ్వుకుని ఊరుకున్నారు. అంజవ్వ మాత్రం బీడీ చుట్టడం ఆపేసింది.

"శెయ్యి తాకకుంట తింటున్నరే!" అంది.

ఆ మాట మిగతావాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. బీడీలో పోసే తంబాకు పొడి వేళ్లలోకి దిగిపోతుంది. సబ్బుతో కడిగినా, బూడిదతో తోమినా, గోళ్లు కత్తిరించుకున్నా పోదు. ఏది కలిపినా, ఏది తుంచినా మొదటి రుచి చేదు, తర్వాతే ఉప్పూ కారమూ. పెళ్లిళ్లలో బూంది లడ్డు కూడా చేదే. చెంచాతో తినొచ్చు కదా అంటారేమో. అంజవ్వ అదీ చేసి చూసింది. ఒక్కతే గోడకు ఎదురుగా కూర్చుని చెంచాతో పప్పన్నం తింటే ఆసుపత్రి మంచం మీద తిన్నట్టుంది. రెండు రోజులకే చెంచా డబ్బాలో పడింది.

చేదు లేని ఒక్క ముద్ద, నలుగురితో కలిసి, నవ్వుతూ. ఆమె కోరికంతా అంతే. ఎంత చిన్న కోరిక! అది అడగడానికి కూడా ఆమెకు ఇన్నేళ్లు పట్టింది.

బ్రెడ్డు కొనేటప్పుడు బేకరీ పరమేశ్వర్‌ను నిలబెట్టి ప్రశ్నలు వేసింది. "నువ్వు బీడీ తాగుతవా బిడ్డా?" తాగనన్నాడు. "ఒట్టు?" ఒట్టన్నాడు. "గట్లయితే నువ్వే ముక్కలు కొయ్యి. మేం ముట్టద్దు." అతను బిత్తరపోయి, చేతులు కడుక్కుని మరీ కోసిచ్చాడు.

పన్నెండు దాటాక ముగ్గురూ చాటలు పట్టుకుని వచ్చారు. దావత్ అయితే మాత్రం పని మానుతారా? సాయంత్రం ఖార్ఖానాకు కట్టలు అప్పజెప్పాలి. నాలుగు చాటలూ ఒకదానికొకటి ఆనుకున్నాయి. సవిత ఏదో చెబుతోంది, శిరీష నవ్వుతోంది. అంజవ్వ వేళ్లు ఆకు చుడుతున్నాయి, మనసు ఎటో వెళ్లిపోయింది.

బోధన్ రోడ్డు మీద మంచు పడుతోంది. చెరుకుతోటల మీద, కాలువ గట్ల మీద, చక్కెర ఫ్యాక్టరీ గేటు మీద తెల్లగా పడుతోంది. రాజారాం డ్యూటీ దిగి సైకిలు మీద వస్తున్నాడు. మీసం నిండా మంచు. వెనక చక్రంలో నాలుగు ఊచలు లేకపోయినా సైకిలు ఏమాత్రం ఊగడం లేదు. "ఏం దావతే?" అని అడుగుతున్నాడు. గట్టు మీద తల్లి చెరుకు కొడుతోంది. పక్కన ఎనిమిదేళ్ల అంజి. ఆ తోట చెంచులక్ష్మిగారిది, కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్నవాళ్లు. వాళ్ల గేదె ఈనిన మూడో రోజు ఆమె గిన్నె పట్టుకుని గట్టు మీదికి వచ్చింది. "నోరు తెరువమ్మాయ్" అని తన చేత్తో జున్ను ముక్క అంజి నోట్లో పెట్టింది. మెత్తగా, వెచ్చగా, పాలవాసనతో కరిగిపోయింది. మరుసటేడు అంజి ఒళ్లోకి బీడీల చాట వచ్చింది.

"అంజక్కా, కండ్లు తెరుసుకునే నిద్రవోతున్నవా?" అని సవిత మోకాలితో పొడిచింది.

"మంచు సూస్తున్ననే" అంది అంజవ్వ. ముగ్గురూ పగలబడి నవ్వారు.

రెండింటికి కుంపటి గది మధ్యలోకి వచ్చింది. చిన్న గిన్నెలో పాలు, చిటికెడు మైదా, దంచిన వెల్లుల్లి, శిరీష తురిమి తెచ్చిన చీజ్. వీడియోలో వాళ్లు ఏదో సారా లాంటిది పోశారని శిరీష నసిగింది. సవిత కొంగు చాటునుంచి చెంబు తీసింది.

"పొద్దుగాల దించిన కల్లు. తియ్యగుంటది. ఒక్క గిలాసే!"

"ముండా! పూజ జేసుకొని వస్తినే నేను" అని అరవై అయిదేళ్ల అనసూయమ్మ చెవులు మూసుకుంది. కళ్లు మాత్రం మూసుకోలేదు. కల్లు పడగానే గిన్నె బుస్సుమంది. గది నిండా పులుపూ కమ్మదనమూ కలిసిన వాసన.

కలపడం ఆపితే గడ్డకడుతుందని శిరీష హెచ్చరించింది. గరిటె అంజవ్వ పట్టుకుంది. కుడిచెయ్యి గిరగిరా తిప్పుతోంది, ఎడమచెయ్యి ఒళ్లో బరువుగా పడి ఉంది.

మొదటి ముక్క సవితది. గుచ్చింది, ముంచింది, తిప్పింది, బయటికి తీసింది. తీసి ఏం చేసింది? శుభ్రంగా రెండు వేళ్లతో ముక్కను ఊచనుంచి లాగి నోట్లో వేసుకుంది! వెంటనే మొహం ముడుచుకుంది.

"థూ, చేదే!"

అనసూయమ్మ ఆమెను తిడుతూ తిడుతూనే తనూ అదే పని చేసింది. శిరీషా అంతే. చిన్నప్పటినుంచీ నోటికి దారి చూపించే వేళ్లు, ఊరికే ఎట్లా ఉంటాయి?

"ఓ పిచ్చిముండల్లారా!" అంజవ్వకు నిజంగానే కోపం వచ్చింది, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. "గీ ఊచలు ఎందుకు తోమిన? ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకోర్రి. నోరే ఊచ కాడికి రావాలె. మళ్ల ముట్టిన్రో, గరిటెతోని కొడ్త!"

ముగ్గురూ బడిపిల్లల్లా ఎడమచేతులు వెనక్కి పెట్టుకున్నారు. అనసూయమ్మ మెడ చాచి, పళ్లతో ముక్క అందుకుంది. నమిలింది. నమలడం ఆపింది.

"చేదు లేదే" అందామె మెల్లగా. "అంజీ, చేదు లేదు."

తర్వాత ఇంక పోటీయే. ఊచలు గిన్నెలో కొట్టుకుంటున్నాయి. కాసేపటికి అనసూయమ్మే తలెత్తి, "నువ్వు తినవే?" అంది.

"శెయ్యి ఖాళీ ఉన్నదా? కలపకుంటే గడ్డ కడ్తది. మీరు తినుర్రి."

"దావత్ ఎవలిది, నువ్వు ఉపాసముండుడేంది?" అని అనసూయమ్మ తన ఎర్రదారం ఊచకు ముక్క గుచ్చి, ముంచి, ఊది, అంజవ్వ నోటి దగ్గర పెట్టింది. "నోరు తెరువు."

అంజవ్వ నోరు తెరిచింది. మెత్తగా, వెచ్చగా, పాలవాసనతో కరిగింది. ఆ తర్వాత పచ్చదారం ఊచ వచ్చింది, గులాబీది వచ్చింది, మళ్లీ ఎర్రది. ఆమె కళ్లు మూసుకునే తింటోంది.

"ఎట్లున్నది అక్కా?" అని శిరీష అడిగింది.

"జున్నే ఇది" అంది అంజవ్వ.

ఆఖరి ముక్కను అనసూయమ్మ గిన్నెలో జారవిడిచింది. పాట పాడాల్సిందేనని మిగతా ముగ్గురూ పట్టుబట్టారు. ఆమెకు వచ్చింది ఒక్క జోలపాట. సిగ్గుపడుతూనే అందుకుంది. అంజవ్వ గరిటె దించి, గోడకు ఆనుకుంది. "జర నడుం వాలుస్త. నాయి ఆరు కట్టలు మిగిలినయి, యాది జెయ్యుర్రి" అంది.

పాట అయిపోయేసరికి అంజవ్వ తల భుజం మీదికి వాలింది. సవిత పెదవుల మీద వేలు పెట్టి, ఆమె చాటను తన వైపు లాక్కుంది. నలుగురిలో ఎవరికి జ్వరమొచ్చినా, చుట్టాలొచ్చినా, నిద్రొచ్చినా మిగిలిన కట్టలు మిగతావాళ్లు చుట్టడం వాళ్లలో మామూలే. ముగ్గురూ దగ్గరగా జరిగారు. నిద్ర చెదురుతుందని కత్తెర శబ్దం కూడా కానివ్వలేదు. మాటలన్నీ గుసగుసల్లోనే. వచ్చే నెల అనసూయమ్మ ఇంట్లో చేద్దామనుకున్నారు. ఈసారి కల్లు రెండు గిలాసలనుకున్నారు.

ఆరో కట్టకు దారం ముడేసి, సవిత చాటను అంజవ్వ పక్కకు జరిపింది.

"అంజక్కా, లెవ్వు. నీయి గూడ అయిపోయినయ్. ఖార్ఖానాకు యాళ్లయింది."

మళ్లీ పిలిచింది. తర్వాత భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతికి ఊపిరి కదలిక తగల్లేదు.

అనసూయమ్మ పాకుతూ వచ్చి ఆ మొహం చూసింది. పెదవి చివర చీజ్ ఆరి తెల్లగా మెరుస్తోంది. దాన్ని తుడవబోయి, తన వేళ్లు చూసుకుని, కొంగుతో తుడిచింది.

కుంపటి పక్కన మూడు ఊచలు చీజ్ గడ్డకట్టి ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. నాలుగోది, తెల్లదారం కట్టింది, పొద్దున తోమి పెట్టిన చోటే కిటికీలో ఉంది, ఒక్క మరకైనా లేకుండా.