కాసులమ్మ అడ్డపొగ

ఎండ ముదిరేలోగా నెత్తళ్లు ఆరబెట్టాలని కాసులమ్మ నడుం వంచి పాత వల మీద చేపల్ని పలచగా పరుస్తోంది. నోట్లో చుట్ట ఉంది. నిప్పున్న కొస లోపల, చల్లటి కొస బయట. ఆ ఒడ్డున ఆడవాళ్లందరిదీ అడ్డపొగే. గాలికి ఆరదు, చీర మీద రవ్వ పడదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. చిన్నప్పుడు అంగిలి కాలేది. కొన్నాళ్లకు కాలడం మానేసింది. నోరు పండిందని తల్లి మురిసిపోయింది.

ఆ పండిన చోటే ఇప్పుడు పుండు. నాలిక ఆనిస్తే గరుకుగా తగులుతుంది. నొప్పి లేదు. అందుకే అది తనది కానట్టు చాలాకాలం గడిపింది. తుపాను షెల్టర్లో పళ్లు చూడటానికి వచ్చిన డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే, కేన్సరని తేలింది. ఇంకా మెడలోకి పాకలేదట. ఇప్పుడే వస్తే అంగిలిలో ఆ భాగం తీసేసి, తినడానికీ మాట్లాడటానికీ వీలుగా ఒక పలక అమరుస్తారట. విశాఖ ఆసుపత్రికి ఈ రోజే రమ్మన్నారు. చుట్ట మాత్రం పూర్తిగా మానాలన్నారు. కాసులమ్మ ఆ మాట దగ్గరే ఆగిపోయింది.

ఆడపడుచు నరసాయమ్మ తట్ట దించి, తన చుట్ట పెదాల మధ్య అటూ ఇటూ కదుపుతూ అంది: “ఒలొదినా, బస్సొచ్చే ఏలయిపోతంది. ఇంకా ఆ నెత్తళ్లతోటి ఏటే నీ సరసం?”

“నాను రాను.”

“అయితే ఆ సుట్టనేనా అవతల పారీ.”

కాసులమ్మ పెదవులు బిగించింది.

మొగుడు దానయ్య సముద్రం మీద వేటకెళ్లిన రోజుల్లో ఆమె తెల్లవారకముందే ఒడ్డుకు వచ్చేది. మగవాళ్ల చుట్టలు మసకలో ఎర్రగా కనబడేవి. ఆడవాళ్ల నిప్పు కనబడదు. తెప్ప అలికిడి వినగానే కాసులమ్మ చుట్టను నోట్లోంచి తీసి, నిప్పును సముద్రం వైపు తిప్పి ఊదేది. ఉన్నట్టుండి వెలిగే ఆ ఒక్క చుక్కనీ చూసి అలల అవతలి నుంచి దానయ్య కూత వేసేవాడు. ఒక తుపానులో తెప్ప ఒక్కటే తిరిగి వచ్చింది. అది ఇంకా ఆ ఇసుకలోనే ఉంది. కాసులమ్మ ఇంకా రోజూ చుట్ట తిప్పి ఊదుతుంది. అతను రాడని ఆమె తలకు తెలుసు. నోట్లోని వెచ్చదనానికి తెలియదు.

నరసాయమ్మకు ఆ సంగతి తెలుసు. గొంతు తగ్గించి, “మా అన్నొచ్చే ఏలకి నువ్వుండాల గదే” అంది.

“నోట్లో పలకెట్టుకున్న ముసల్దాన్ని సూత్తే మీ అన్న మల్లీ సముద్రంలోకే పారిపోతాడు.”

నరసాయమ్మ చుట్ట తీసి, తల వెనక్కి వాల్చి పకపకా నవ్వింది. ఎండ నేరుగా ఆ నోట్లో పడింది.

“ఉండు. అలాగే ఉండు. నోరు ముయ్యకే.”

“ఏటే, నా పళ్లు లెక్కెడతావేటి?”

అంగిలంతా తెల్లగా పాలిపోయి ఉంది. మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. డాక్టరమ్మ అద్దంలో కాసులమ్మ తన పుండు చుట్టూ చూసింది అదే.

“నీకు మంట తెలుత్తందా?”

“మంటేటి? నా నోరెప్పుడో పండిపోయింది” అంది నరసాయమ్మ గర్వంగా.

కాసులమ్మ చేతిలోని నెత్తళ్లు వల మీద పడేసింది. “నడు. ఇద్దరం ఎల్దుం. ముందు నీ నోరు సూపిత్తాను.”

“నాకేటయిందే?”

“ఏటీ కాకముందే రా.”

“మరి నెత్తళ్లో?”

“కాకులు తింటాయి.”

రోడ్డు మీద బస్సు హారన్ వినబడింది. నరసాయమ్మ ఏమీ అర్థంకాక చుట్టను ఇసుకలో కుక్కి ముందు నడిచింది. కాసులమ్మ తన చుట్ట తీసి సముద్రం వైపు తిప్పి ఒకసారి ఊదింది. తరువాత తెప్ప దుంగల సందులో, నిప్పు బయటికి ఉండేలా గుచ్చింది. తిరిగి చూడకుండా దిబ్బ ఎక్కింది. కాసేపటికి వాళ్లెక్కిన బస్సు చప్పుడు కూడా వినబడలేదు.

నోట్లో అయితే పొద్దెక్కేదాకా నిలిచే ఆ నిప్పు, గాలికి గబగబా చుట్టను తినేస్తూ, సముద్రం వైపు ఎర్రగా వెలుగుతోంది.