నర్ది చెక్క ఇంజను

ఉదయగిరిలో కోళ్ళు కళ్ళు నులుముకునేలోపే ఎస్తేరమ్మ అరుగు మీద కూర్చుని, కొండ అడవిలో దొరికే నర్ది చెక్కతో నాలుగు డజన్ల స్పూన్లు చెక్కేసి, టీ కూడా తాగేస్తుంది. ఆమె చేసిన గరిటె మీద వాలిన ఈగ జారిపడి నడుం విరగ్గొట్టుకుంటుంది, అంత నునుపు. ఆ పాటికి మనవరాలు రూబీ తన పాత చిన్న కారులో టీచరమ్మలను ఎక్కించుకుని ఆత్మకూరు దారి పడుతుంది.

ఒక శుక్రవారం ఆత్మకూరు బస్టాండు దగ్గర ఆ కారు ఇంజను పగిలింది. ఆ మోతకి సోమశిల డ్యాములో నీళ్ళు రెండడుగులు లేచాయి.

మెకానిక్ మస్తానయ్య బానెట్ ఎత్తి చూశాడు. "ఇంజను దిమ్మ, బ్లాకే పోయిందమ్మా. ఈ రకం ఇంజను ఇప్పుడు యాడా దొరకదు."

రూబీ నాయన పిచ్చయ్య ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. కూతురు స్టీరింగ్ పట్టడం ఆయనకు మొదట్నుంచీ గిట్టదు. "కారుని తుక్కుకెయ్యి. తడ దగ్గర చెప్పుల కంపెనీలో ఆడపిల్లల్ని పనికి చేర్పించే శీనయ్యతో మాట్లాడినా. సోమవారం పొద్దున బస్సుకి పోతన్నావు" అన్నాడు.

"నాకు బండి నడపడమే కావాల అవ్వా" అంది రూబీ, అన్నం ముట్టకుండా.

శనివారం ఎస్తేరమ్మ ఆత్మకూరు బస్సెక్కి మస్తానయ్య షెడ్డుకి పోయి ఇంజనులోకి తొంగి చూసింది. "ఏందిరా, మూడు గ్లాసులు వరసలో పెట్టినట్టుండాది?"

"అవే సిలిండర్లు అవ్వా. ఒక్కోదాంట్లో ఒక పిస్టన్ పైకీ కిందికీ ఆడతాది. మూడూ కలిసి కింద ఒకే షాఫ్టుని తిప్పతాయి. చిన్న బానెట్లో పట్టాలని ఇట్టా వరసగా పెట్టినారు. ఈ కారులోనే నాలుగు సిలిండర్ల రకం కూడా ఉండాది, అది వణకదు. డీజిల్‌దయితే గోడలు మందం."

"మనది?"

"పెట్రోలు. మూడే."

ఆమె చీపురుపుల్లతో కొలతలు తీసుకుపోయి, తెల్లారేలోపు ఒకే దుంగలో సిలిండర్ల దిమ్మ తొలిచేసింది. ఆదివారం చర్చిలో పాస్టరుగారి ప్రసంగం సాగినంతసేపూ పైట చాటున పిస్టన్లకు నునుపు పెడుతూనే ఉంది. అయితే ఏళ్ళ తరబడి స్పూన్లను అరడజను సెట్లుగా చేసిన చెయ్యి కదా, మూడు దగ్గర ఆగలేదు.

సాయంత్రం మస్తానయ్య టేపు పెట్టి చూసి తల గోక్కున్నాడు. "దిమ్మలో ఆరు సిలిండర్లు చెక్కినావేంది అవ్వా? వరసన పెడితే డ్రైవరు ఒళ్ళోకి వస్తాయి."

"సగానికి కొయ్యి. నోరుండాది, రంపం లేదా నీకు?"

కోసి, మూడింటిని బిగించాడు. మిగతా మూడింటికి ఇంకోటి చెక్కి కలిపితే మర్రిపాడు పెంచలనరసయ్య కారుకి నాలుగు సిలిండర్ల ఇంజను అవుతుందని పక్కన పెట్టాడు. చెక్క ఇంజనేంటని ఎవరూ అడగలేదు. టీ కొట్టు దగ్గరివాళ్ళు మైలేజీ ఎంతని మాత్రం అడిగారు. రూబీ తాళం తిప్పింది. మూడు సిలిండర్లది గనక కాస్త వణికి, కుదురుకుంది. పొగగొట్టంలోంచి సన్నటి రంపపుపొట్టు రాలింది. ఆ కమ్మటి వాసనకి అనంతసాగరం గేదెలు ఒక పూట మేత మానేశాయి.

సోమవారం పిచ్చయ్య ట్రంకుపెట్టె పట్టుకుని బయటికొచ్చాడు. "ఇంజనుదేముంది, నువ్వు పోవాల్సిందే."

"బస్టాండు దాకా నా కారులోనే పోదాం, ఎక్కు నాయనా."

ఇనుప ఇంజనులా అది సెగ కొట్టలేదు. చింతచెట్టు కింద మంచం వాల్చినంత చల్లగా ఉంది. వీధి మలుపు తిరిగేలోపే పిచ్చయ్యకు కునుకు పట్టింది. పెళ్ళయినప్పటి నుంచీ బాకీపడ్డ నిద్రంతా ఒక్కసారే పోయాడు. ఉదయగిరి బస్టాండు దగ్గర రూబీ ఆయన్ని లేపలేదు. ముగ్గురు టీచరమ్మలను ఎక్కించుకుని, గురకకి అద్దాలు అదురుతుంటే ఆత్మకూరు చేరింది.

అక్కడ ఫోను మోగితేగానీ ఆయన కళ్ళు తెరవలేదు. శీనయ్య. "పిల్లని బస్సెక్కించినావా?"

పిచ్చయ్య కిటికీలోంచి ఆత్మకూరుని చూశాడు. దిగుతూ కూతురితో నవ్వుతూ మాట్లాడుతున్న టీచరమ్మలను చూశాడు. స్టీరింగ్ మీద రూబీ చేతులు చూశాడు.

"రాదులే శీనయ్యా" అన్నాడు. "డ్యూటీలో ఉండాది."