రోడ్డవతల

రెబ్కా తొడిమలు తుంచుతూనే మాబూబీని కనిపెడుతోంది. ముక్కుకీ నోటికీ చుట్టిన గుడ్డ పైన కళ్ళు మాత్రమే కదులుతున్నాయి. గోళ్ళ సందుల్లో కారం, చెవుల వెనక కారం. ఆ మిరపకాయల షెడ్డులో దగ్గని ఆడది లేదు. కానీ మాబూబీ పని లేని ఆదివారాలు కూడా దగ్గుతోంది. పక్కిల్లు గనక రెబ్కాకి గోడలోంచి వినపడుతుంది. కాయ ముట్టని రోజు దగ్గెందుకు? అప్పట్నుంచీ తన మంచినీళ్ళ చెంబు ఆమెకి ఇవ్వడం లేదు.

“అన్నం వేళ రోడ్డవతలికి పోయేదానివిగా, మానేశావేం?” అంది రెబ్కా.

“అవతలేముందక్కా, నాకింకో మొగుడా?” మాబూబీ నవ్వబోయి దగ్గింది. “ఉన్నోడితోనే చస్తన్నా.”

అందరూ నవ్వారు. రెబ్కా నవ్వలేదు. అవతల కూలి ఎక్కువిచ్చే షెడ్డుంది. ఆసుపత్రీ ఉంది. ఏదో దాస్తోంది.

సాయంత్రం బస్సుకని రోడ్డెక్కారు. నిరుటిదాకా దాన్ని మేకలు కూడా దాటేవి. ఇప్పుడు నాలుగు వరసలు చేసి, మధ్యన నడుమెత్తు గోడ కట్టి, పైన ఇనప కమ్మీలు పెట్టారు. దాటే సందు ఎక్కడో పెట్రోలు బంకు దగ్గర. అంతదూరం నడిస్తే పూటకూలి పోతుంది.

మాబూబీ వెనకబడింది. లారీలు తప్పించుకుని మధ్యగోడ దాకా వెళ్ళింది. చెయ్యెత్తింది. కాలెత్తింది. జారి అక్కడే కూలబడింది. కాసేపటికి తిరిగొచ్చేసింది.

“మిరపకాయలోళ్ళు వెనక్కి పోండమ్మా, జనం తుమ్మి చస్తన్నారు!” కండక్టరు అరిచాడు.

వెనక సీట్లో రెబ్కా అడిగేసింది. “నిజం చెప్పు, టీబీయేనా?”

“గట్టిగా అనకక్కా, మేస్త్రి పన్లోంచి తీసేస్తాడు. ఆసుపత్రిలో వాళ్ళ ఎదుటే బిళ్ళలు మింగాలంట. మొదట్లో ఆ గోడ ఎక్కేదాన్ని. ఇప్పుడు కాళ్ళు లేవటంలా.”

బిళ్ళలు ఇంటికివ్వరూ? సాకు, అనుకుంది రెబ్కా. లేచి ఇంకో సీట్లో కూర్చుంది.

కాయల పని అయిపోకముందే మాబూబీని మట్టి చేశారు.

షెడ్డు మూశాక కూడా రెబ్కా దగ్గు ఆగలేదు. ఎవరికీ చెప్పకుండా, మిట్టమధ్యాహ్నం రోడ్డు మధ్యకొచ్చి గోడ ఎక్కబోయింది. చేతికేదో మెత్తగా తగిలింది. మాబూబీ పాత పచ్చచీర అంచు. జడలా అల్లి, ఎక్కేటప్పుడు పట్టుకోడానికి కమ్మీకి ముడేసి ఉంది. గుప్పిట పట్టే చోట కారం ఇంకి ఎర్రబడి, నున్నగా అరిగిపోయింది.