గ్రాంటుతో వచ్చిన గది

టైర్ల షాపు మీద రెండు గదులున్నాయి. కింద గాలి మిషను మోత, కాలిన రబ్బరు వాసన. పైన ఒక క్యారమ్ బోర్డు, రెండు పాత కంప్యూటర్లు, చాపల మీద బోర్లా పడుకుని హోంవర్కు చేసుకునే పిల్లలు. తల్లులు ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చేదాకా ఆ పిల్లలు రోడ్డున పడకుండా చూసే చోటు పేట మొత్తానికి అదొక్కటే. దాన్ని నడిపే ఆవిడను పిల్లలు పెద్దక్క అంటారు. వాళ్ల తల్లులూ పెద్దక్కే అంటారు. అద్దె కోసం మెట్లెక్కి వచ్చే టైర్ల షాపాయన కూడా అలాగే పిలుస్తాడు. పిలుపులో అక్క ఉంది కదా అని అద్దె వదిలేస్తాడనుకునేరు, ఆ పప్పులేం ఉడకవు.

పిల్లల సేవలకని ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు మీదే ఆ రెండు గదులూ బతుకుతున్నాయి. ఆ ఏడు అది ఆగిపోయింది. పెద్దక్క కాళ్లరిగేలా ఆఫీసు చుట్టూ తిరిగితే చివరికి ఒక గుమాస్తా తల ఎత్తి సంగతి చెప్పాడు. ఇకనుంచి అర్జీ ఒక్కటే సరిపోదు. కమిటీ ముందుకొచ్చి అయిదు నిమిషాలు మాట్లాడాలి. లబ్ధిదారుల్లో ఒకరిని వెంటబెట్టుకు రావాలి. లబ్ధిదారులంటే ఎవరో కాదు, ఈ క్యారమ్ ఆడుకునే పిల్లకాయలే!

"ఈసారి కూడా రాకపోతే గదులు ఖాళీ చేసెయ్యండి పెద్దక్కా," అన్నాడు టైర్ల షాపాయన. "గోడౌనుకి కావాలని అడుగుతున్నారు. నేనూ ఎన్నాళ్లని ఆగను?"

వెంట ఎవరిని తీసుకెళ్లాలన్న ఆలోచనే అక్కర్లేకపోయింది. పిట్ట ఉండనే ఉంది. పేరుకు తగ్గట్టు పిట్టంత మనిషి, నోరు తెరిస్తే మాత్రం ఆగేది కాదు. ఆ బిల్డింగులోనే వెనక గదిలో అమ్మమ్మతో అద్దెకుంటోంది. వాళ్లమ్మ ఓడలో వంటమనిషి అని చెప్పేది. అలలు లేస్తే గిన్నెలు జారిపోకుండా ఎలా కట్టేస్తారో, ఉల్లిపాయలు తరుగుతుంటే కిటికీలోంచి చేపలు ఎలా ఎగురుతూ కనిపిస్తాయో చెబుతుంటే చిన్నపిల్లలు నోళ్లు వెళ్లబెట్టి వినేవాళ్లు.

అంతా అబద్ధం. వాళ్లమ్మ ఉన్నది జైల్లో. తాగొచ్చి తన్నే మొగుణ్ణి ఒకనాడు చేతికందిన పెనంతో తిరిగి కొట్టింది. అతను మళ్లీ లేవలేదు. ఈ సంగతి పేటలో పెద్దక్కకొక్కదానికే తెలుసు. ఒకరోజు పిల్లలంతా వెళ్లిపోయాక చాపలు చుడుతూ చుడుతూ పిట్టే చెప్పింది.

"ఇంతకుముందున్న వీధిలో తెలిసిపోయిందక్కా. బడిలో నా పక్కన ఎవ్వరూ కూర్చోలేదు. ఇంటాయన మా సామానంతా బయట పెట్టించేశాడు. నువ్వెవరికీ చెప్పవుగా?"

"నా కడుపులో దాచుకుంటానే పిచ్చిమొద్దూ. నా మీద ఒట్టు," అంది పెద్దక్క. ఆ మాట ఆవిడ మనస్ఫూర్తిగానే అంది. అందులో ఎవరూ వంక పెట్టలేరు.

కమిటీ రోజున పిట్ట తలస్నానం చేసి, యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని, రెండు జడలూ ఎర్ర రిబ్బన్లతో బిగించి తయారైంది. ఏం చెప్పాలో బస్సులో కూడా వల్లె వేస్తూనే ఉంది. టైర్ల షాపాయన కూడా వచ్చాడు, తన బాకీ సంగతి తేలుతుందేమో చూద్దామని. హాలు నిండా జనం. ఎవరి దీనుల్ని వాళ్లు వెంటబెట్టుకుని సంతలోలా కూర్చున్నారు. వీళ్లకంటే ముందు వెళ్లిన సంఘం వాళ్లు ఒక ముసలాయన్ని నిలబెట్టి, ఆయన చచ్చిపోయిన కొడుకు గురించి ఆయన చేతే చెప్పించారు. ఆయన మధ్యలో మాట పెగలక ఏడ్చేశాడు. కమిటీలోని ఆవిడ కళ్లు తుడుచుకుంది. వాళ్లకు మంజూరైపోయింది. చూడబోతే అక్కడ కన్నీళ్లకే మార్కులు వేస్తున్నట్టుంది, ఛీ!

తర్వాత పిట్ట లేచింది. తొణక్కుండా చెప్పింది. కంప్యూటరు మీద ఏం నేర్చుకున్నారో, లెక్కల్లో తనకెన్ని మార్కులొచ్చాయో, ఆడపిల్లలు విడిగా చదువుకోవడానికి ఇంకో గది ఉంటే ఎంత బాగుంటుందో చెప్పి, దణ్ణం పెట్టి కూర్చుంది. పెద్దక్క గర్వంగా దాని వీపు తట్టింది.

అధ్యక్షుడు ఆవలింత ఆపుకున్నాడు.

"పిల్ల శుభ్రంగా ఉంది, చక్కగా మాట్లాడుతోంది. దీనికేం లోటమ్మా? నిజంగా కష్టంలో ఉన్నవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. వచ్చే ఏడు చూద్దాంలెండి," అంటూ కాగితం పక్కకు నెట్టాడు.

రెండు గదులు, చాపలు, క్యారమ్ బోర్డు, ఆ పిల్లలందరూ ఒక్కసారిగా పెద్దక్క కళ్ల ముందు రోడ్డున పడ్డారు. కోపం వచ్చింది, భయమూ వచ్చింది. ఆ రెండూ కలిస్తే నోటికి అదుపుండదు.

"లోటేంటంటారా?" ఆవిడ గొంతు హాలంతా వినిపించింది. "ఈ పిల్ల తల్లి జైల్లో ఉందండీ! మొగుణ్ణి చంపిన కేసులో. కళ్లారా చూసిందిది. మా దగ్గరికి రాకపోతే ఈపాటికి ఏమైపోయేదో మీకు తెలుసా? మీరు చూస్తున్న శుభ్రం మేం చేసిందే!"

కమిటీలోని ఆవిడ మళ్లీ కళ్లు తుడుచుకుంది. అధ్యక్షుడు కాగితం వెనక్కి లాక్కున్నాడు. గ్రాంటు మంజూరైంది. ఇంకో గదికి కూడా అద్దె కలిపి మరీ ఇచ్చారు.

పెద్దక్క వెనక్కి తిరిగేసరికి పిట్ట తల వంచుకుని, యూనిఫాం అంచు వేలికి చుట్టుకుంటోంది. రెండు వరుసల వెనక టైర్ల షాపాయన ఆ పిల్లనే చూస్తున్నాడు.

తిరుగు బస్సులో పిట్ట వేరే సీట్లో కూర్చుంది. దిగేముందు ఒక్కటే అడిగింది.

"సెంటరు ఉంటుందా?"

"ఉంటుందే తల్లీ."

"సరే," అంది పిట్ట. అక్కా అనలేదు.

మర్నాడు పొద్దున్నే టైర్ల షాపాయన మెట్లెక్కి వచ్చాడు. మనిషి దుర్మార్గుడేం కాదు. ఇబ్బంది పడుతూనే అడిగాడు.

"నాకేం పట్టింపు లేదు పెద్దక్కా. కానీ నాకూ ఆడపిల్లలున్నారు, షాపుకి నలుగురూ వస్తుంటారు. ఒక్క మాట చెప్పండి. నిన్న మీరన్నది నిజమేనా? లేక గ్రాంటు కోసం ఏదో అలా అన్నారా? కట్టుకథే అయితే నేనేం పట్టించుకోను."

ఎంత తేలిక! అవునండీ, డబ్బు కోసం అల్లి చెప్పాను అని ఒక్క ముక్క అంటే చాలు. పిట్ట ఆ వెనక గదిలోనే ఉండిపోతుంది. పెద్దక్క అందామనే నోరు తెరిచింది. కానీ ఇతను ఊరుకుంటాడా, ఎక్కడో ఒకచోట అంటాడు. అది పాకి పాకి ఆఫీసుకు చేరుతుంది. కమిటీకి అబద్ధం చెప్పిందని ఉన్నదీ రద్దు చేస్తారు. అప్పుడు మిగతా పిల్లలందరి సంగతో?

ఆవిడ తెరిచిన నోరు మూసుకుంది.

"అర్థమైందిలెండి," అన్నాడతను.

ఆ ఆదివారం అమ్మమ్మ సామాను సర్దుకుంది. వ్యాను నిండలేదు కూడా. పెద్దక్క గిన్నెల మూట అందుకోబోతే ముసలావిడ పక్కకు జరిపింది.

"మా పిల్ల ఎవర్నీ నమ్మేది కాదమ్మా. నిన్ను నమ్మింది," అంది. తిట్టినా బాగుండేది.

"అమ్మమ్మా, ఎక్కడికెళ్తున్నారో చెప్పండి. నేనొచ్చి చూసి వెళ్తుంటాను."

"వద్దు. నువ్వొస్తే అక్కడా తెలుస్తుంది."

పిట్ట వ్యానులో డ్రైవరు పక్కన కూర్చుంది. అద్దం ఎత్తేసి, ఎదురుగా రోడ్డు చూస్తూ ఉండిపోయింది. పెద్దక్క అద్దం మీద తట్టింది, పేరు పెట్టి పిలిచింది, క్షమించమంది. లోపలికి వినబడిందో లేదో ఆవిడకెప్పటికీ తెలియలేదు.

వారం తిరక్కుండా గ్రాంటు డబ్బు పడింది. టైర్ల షాపాయన పాత బాకీ చెల్లువేసుకుని ఒక తాళంచెవి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఆడపిల్లలకి గది కావాలన్నారుగా. వెనకది ఖాళీ అయింది. సున్నం కూడా వేయించాను, తీసుకోండి."

తీసుకోకుండా ఎలా? కాగితంలో గది అని రాసుంది, తనిఖీకి వస్తారు. పెద్దక్క తాళం తీసి, చాపలు పరిచి, పిల్లల్ని లోపలికి పిలిచింది. గోడకు కొత్త సున్నం వాసన. కిటికీ ఊచకు ఎర్ర రిబ్బను ముక్క ఒకటి ఇంకా వేలాడుతూనే ఉంది. దాన్ని విప్పి గుప్పిట్లో దాచుకుంది.

ఆడపిల్లలు తలో మూలా చేరారు. అందరిలోకీ చిన్నది, పిట్ట కథలకు అందరికంటే ముందు వచ్చి కూర్చునేది, చాప మీద చతికిలబడి అడిగింది.

"అక్కా, పిట్టక్క ఏదీ?"

ఇప్పటికైనా పిట్ట చెప్పుకున్న మాట నిలబెట్టాలనిపించింది పెద్దక్కకు.

"వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిందమ్మా. ఓడలో వంట చేస్తుందే, అక్కడికి."

చిన్నది జాలిగా చూసింది, పెద్దవాళ్లకు తెలియని విషయం చెప్పబోతున్నట్టు.

"ఓడలో కాదక్కా, జైల్లో. నువ్వే చెప్పావంటగా అందరికీ?"