కంచికి నూలు చీర

భద్రమ్మ పోయింది మంగళవారం నాడు. ఆ పొద్దున ఆమె భర్త వెంకట్రాజం ముందు ఎనిమిదో తరగతి తెలుగు పేపర్లు ముప్పై దాకా ఉన్నాయి. వంటింట్లో గిన్నె పడ్డ చప్పుడు వినిపించింది. పిల్లి అయి ఉంటుందనుకుని చేతిలో ఉన్న పేపరు చివరిదాకా దిద్దాడు. మార్కులు కూడి, పైన వేసి, అప్పుడు లేచి వెళ్లాడు. ఆమె పొయ్యి పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నట్టే ఉంది. పక్కింటివాళ్లు రిక్షా పిలిచారు. దవాఖానలో డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, గుండె అని ఒక్క మాట చెప్పాడు. పది గంటలకల్లా ఆమెను మళ్లీ హనుమకొండ ఇంటికి తీసుకొచ్చారు.

ఆ దంపతులకు పిల్లలు లేరు. కబురు పంపాల్సింది నెక్కొండలో ఉన్న ఆమె అక్క లక్ష్మీనర్సమ్మకే. రైల్వేలో పనిచేసే పక్కింటాయన నెక్కొండ స్టేషనుకు ఫోను చేసి చెప్పించాడు. మధ్యాహ్నం ప్యాసింజరులో ఆమె కట్టుబట్టలతో దిగింది.

పసుపుకుంకుమలతో పోయిన ఆడమనిషికి పుట్టింటివాళ్లు కొత్త చీర తెచ్చి కట్టాలి. వాకిట్లో కూర్చున్న ఆడవాళ్లందరికీ అది తెలిసిన సంగతే. భద్రమ్మకు తల్లిదండ్రులు లేరు, అన్నదమ్ములు లేరు. పుట్టిల్లంటే ఆ అక్క ఒక్కతే. "పుట్టింటి చీర ఏదే?" అని ఒక ముసలామె అడగనే అడిగింది. లక్ష్మీనర్సమ్మ నేరుగా లోపలికొచ్చి వెంకట్రాజం ముందు నిలబడింది.

"మరిదీ, ఇంట్ల కొత్త చీర ఏమన్న ఉన్నదా?"

"పెట్టెల మీదనే ఉన్నది వదినె. తీస్కోన్రి."

అరటాకు పచ్చ చీర. పండుమిరప రంగు అంచు. అది కట్టి, మొహానికి పసుపు రాసి, పూలు పెట్టి భద్రమ్మను తీసుకుపోయారు. చితి మీద ఆ ఎర్రంచు కొంచెంసేపు కనిపించింది.

అయిదో రోజు రాజమల్లు వచ్చాడు. వరంగల్ కాశిబుగ్గలో మగ్గం నేసే మనిషి. అరుగు మీద కూర్చుని, అమ్మ మంచిది, తన మగ్గం ముందు పీటేసుకుని కూర్చుని నేత చూసేది, అని చెప్పుకుని కాసేపు బాధపడ్డాడు. లేవబోతూ అన్నాడు.

"అమ్మవారి చీర పైలం సారూ. ఏడాది దాటేదాక మీరు గుడి మెట్లు ఎక్కొద్దు గద. అప్పటిదాక పెట్టెల్నే ఉండనియ్యున్రి. నడుమ నడుమ జర నీడకు ఆరేయాలె."

"ఏ అమ్మవారి చీర?"

"అదేంది సారూ! అమ్మ నాతోని నేయించుకున్నది, పచ్చ చీర. కంచి కామాక్షమ్మకు మొక్కు చీర అన్నది. అందుకనే తొమ్మిది గజాలు నేసిన. మనుషులకైతే తొమ్మిది గజాలెందుకు?"

 "పైలంగనే ఉన్నది" అన్నాడు వెంకట్రాజం. ముప్పై ఏళ్ల నౌకరీలో పిల్లల అబద్ధాలు ఎన్నో పట్టుకున్న మనిషి. తన అబద్ధం అంత సులువుగా వస్తుందని అతనికి తెలియదు.

మొక్కు సంగతి అతనికి తెలియనిది కాదు. మూడేళ్ల కింద పచ్చకామెర్లు ముదిరి ఇరవై రోజులు దవాఖానలో ఉన్నాడు. మనిషి బతికి ఇంటికొస్తే కంచికి వస్తానని ఆమె మొక్కుకుంది. ఇంటికి వచ్చాడు. మొదటి వేసవిలో పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. రెండో వేసవి ఓటర్ల జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. మూడో ఏడు జనాభా లెక్కల పనితో అలసిపోయి సెలవుల్లో గడప దాటలేదు. ఆమె గట్టిగా ఎన్నడూ అడగలేదు. అన్నం వడ్డిస్తూ ఒకసారి మాత్రం, "కథలన్నీ కంచికే పోతయట. మనమే ఎప్పుడు పోతమో?" అంది. అతను నవ్వి, చూద్దాం అన్నాడు.

చీర సంగతి కూడా ఆమె చెప్పకపోలేదు. పోవడానికి పది రోజుల ముందు ఒక సాయంత్రం కాశిబుగ్గ నుంచి మూట చంకన పెట్టుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడి చీర విప్పి చూపించింది. "మంచిగున్నది" అన్నాడు తలెత్తి. "ఇది నాకు కాదు" అంది ఆమె. అతను ఊ కొట్టి మళ్లీ తల దించుకుని లెసన్ ప్లాన్ రాసుకున్నాడు. నీకు కాకపోతే ఎవరికని అడగలేదు. ఆ మాట మళ్లీ అతనికి గుర్తొచ్చింది రాజమల్లు వెళ్లిపోయాకనే.

నెల మాసికం అయ్యాక కాశిబుగ్గ పోయి రాజమల్లుకు ఉన్నమాట చెప్పాడు. మగ్గం తొక్కుతున్న రాజమల్లు కాలు ఆగిపోయింది.

"అమ్మతోనే పోయిందా?"

"పోయింది."

"మంచిగనే అనుకోవచ్చు సారూ. అమ్మవారి చీర కట్టుకుని పోవుడు ఎంతమందికి దొరుకుతది? గని మొక్కు మొక్కే. అది తీరినట్టు కాదు."

"అట్లాంటిదే ఇంకోటి నేసియ్యి."

"నేస్త. మగ్గం మీద చేనేత సంఘం దుప్పట్లు నడుస్తానయి. అవి దిగినంక మొదలుపెడ్త. తొందరేమున్నది, ఏడాది దాకా మీరు పోయేది లేదు గద. నేసుడు అయినంక గూడ నా దగ్గర్నే ఉంచుత. మీ ఇంట్ల ఉంటే మల్ల ఎవరన్న కట్టుక..."

నోరు జారిందని రాజమల్లుకు తెలిసింది. నాలిక కరుచుకుని మగ్గంలోకి చూశాడు. వెంకట్రాజానికి కోపం రాలేదు. ఆ నెలంతా విన్న ఓదార్పు మాటలకన్నా ఆ మాటే నయమనిపించింది.

ఆ ఏడాది అతను బడికి పోయాడు, వచ్చాడు. ఒక పూట వండుకుని రెండు పూటలు తిన్నాడు. సాయంత్రాలు రైల్వే టైంటేబుల్ పుస్తకం ముందు వేసుకుని కూర్చునేవాడు. వరంగల్‌లో ఎక్కితే మద్రాసు, అక్కడినుంచి కంచికి బస్సు. దారి అంతే. అయినా దాన్ని పాత నోటుబుక్కు వెనక ఎన్నిసార్లు రాశాడో. ఏ రైలు ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో, తాగే నీళ్లు ఎక్కడ పట్టుకోవాలో, మద్రాసులో స్టేషను నుంచి బస్సులు ఆగే చోటికి ఎట్లా పోవాలో. భద్రమ్మ ఉన్నప్పుడు ఈ పనికి ఒక్క సాయంత్రం దొరకలేదు. ఇప్పుడు అన్నీ సాయంత్రాలే. రాయడం అయ్యాక ఒళ్లంతా ఆ దూరం నడిచి వచ్చినట్టు అలసిపోయి, దీపం ఆర్పి పడుకునేవాడు.

కంచిలో దిగే చోటు గురించి చౌరస్తాలో కిరాణా దుకాణం వెంకటేశ్వర్లును అడిగాడు. ఏటేటా దక్షిణ యాత్రకు పోయివచ్చే మనిషి.

"సత్రం ఉన్నది సారూ. తెలుగు గుమాస్తానే. కార్డు రాస్తే రూము పెడ్తడు. ఎంతమంది వస్తాన్రో తప్పక రాయాలె, రాయకుంటే జవాబే ఇయ్యడు. అయితే సామాను ఏం తీస్కపోతాన్రు?"

"చీర. అమ్మవారికి. కాశిబుగ్గల నేయిస్తాన."

"కంచికా? కాశిబుగ్గ చీర?" వెంకటేశ్వర్లు పకపకా నవ్వాడు. "నెక్కొండకు మిరపకాయలు తీస్కపోయినట్టున్నది. ఆ ఊర్ల ఏ సందుల చూసినా పట్టుచీరలే."

"పట్టు అమ్మవారికి రోజూ ఉండేదే, ఎండకాలం నూలు చీర సుఖంగ ఉంటది అన్నదట మా ఆమె. నేసినాయనతోని."

వెంకటేశ్వర్లు నవ్వు ఆపాడు. పొట్లాలు కట్టే కాగితం చింపి సత్రం అడ్రసు గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాడు.

ఏడాది మాసికానికి లక్ష్మీనర్సమ్మ ముందురోజే వచ్చింది. వంటంతా తానే చేసింది. భోజనాలయ్యాయి, చుట్టాలు ఎవరిదారిన వాళ్లు పోయారు. మూడు గంటల ఎండలో ఆమె పెరట్లో గంగాళం తోముతుంటే వెంకట్రాజం నీళ్లు తోడి పోస్తున్నాడు.

"ఎండకాలం సెలవులల్ల కంచికి పోతాన వదినె" అన్నాడు.

"మంచిదే. మొక్కు తీరుతది."

"చీర గూడ ఇయ్యాలె. ఆనాడు మనం కట్టిన చీర అమ్మవారి కోసం నేయించిందట. మనకు ఎరుక లేకపాయె. ఇంకోటి నేయిస్తాన."

ఆమె చేతిలో కొబ్బరిపీచు ఆగింది.

"నాకు ఎరుకే మరిదీ."

అతను చేద కింద పెట్టాడు.

"నాలుగు మూలలకు పసుపు పెట్టి ఉన్నది. చూసిన. మొక్కు చీర అని తెలువకపోతదా? కడుతుంటే ఎంతకూ ఒడుస్తలేదు ఆ చీర. మనుషులు కట్టేటంత పొడుగా అది?"

"ఎరుక ఉండి కట్టినవా?"

"కట్టిన. బయట ఆ ముసలిది పుట్టింటి చీర ఏదే, పుట్టింటి చీర ఏదే అని పాణం తోడుతాంది. నేను ఉత్త చేతులతోని వచ్చిన. నెక్కొండల చీర కొంటా కూసుంటే రైలు పోతుండె. చెల్లె మొకం చూసుడా, చీర కొనుడా? పసుపు మూలలు లోపటికి మడిచి, ఇగో చీర, కట్టున్రి అన్న." ఆమె బూడిద చేతులు అట్లాగే మోకాళ్ల మీద పెట్టుకుంది. "తిట్టు మరిదీ. తిడితే నా పాణం అల్కగ అయితది."

"తిట్టుడు దేనికి?"

"నువ్వు తిట్టకుంటే నేనే అంట. బతికున్ననాడు దానికి అసొంటి చీర ఒక్కటన్న తెచ్చినవా? సర్కారు నౌకరీ మొగుడని పేరు. ఉన్న మూడు చీరలే తిప్పి తిప్పి కట్టె. పోయిననాడన్న మంచి చీర కట్టుకుని పోయింది. అమ్మవారికి వెయ్యి చీరలుంటయి. దానికేమున్నయి?"

అతను చేద అందుకుని గంగాళంలో నీళ్లు పోశాడు. ఆ మాటల్లో తీసివేయదగినది ఒక్కటీ కనిపించలేదు.

కాసేపటికి ఆమెకే గొంతు తగ్గింది. "అట్లనే అంట గని, ఏడాది సంది కన్ను మూస్తే ఆ పసుపు మూలలే కనపడ్తానయి. నేను గూడ వస్త. తప్పు నాది. అమ్మవారి ముందట నిలబడి చెంపలేసుకుంట. నా చార్జీ నేనే పెట్టుకుంట తీయి."

అప్పుడు చెప్పాల్సింది. చీర తెచ్చిన రోజే ఇది నాకు కాదని భద్రమ్మ తనతో అన్నదని, పెట్టెలో పైన ఉన్నది తీసుకోమన్నది తనేనని, పసుపు మూలలు చూడకముందే తప్పు సగం జరిగిపోయిందని. మాట నోటిదాకా వచ్చింది. అక్కడే ఉండిపోయింది.

"చూద్దాం వదినె" అన్నాడు.

"చూద్దాం అంటే? చెల్లెకు గూడ గిట్లనే చెప్పినవట, చూద్దాం చూద్దాం అని."

ఆమె గంగాళం బోర్లించి లేచింది. సాయంత్రం ప్యాసింజరుకు అతనే స్టేషను దాకా వెళ్లి ఎక్కించాడు. రైలు కదిలే ముందు ఆమె కిటికీలోంచి, "ఒక కార్డు ముక్క రాయి, సరిగ్గ ఆ రోజుకు వస్త" అంది. అతను తల ఊపాడు. ఆ ఊపడం అవునని ఆమె అనుకుని ఉంటుంది.

ఇంటికి వచ్చే దారిలో, ఆ తర్వాతి రోజుల్లోనూ, అతను తనను తాను సమాధానపరచుకోవాలని చూశాడు. ఆమె తప్పుచేసిందన్న కోపం ఉంది, కాదనలేడు. తెలిసీ కట్టిందే అని పడుకోబోయేముందు ఒకసారి, లేచాక ఒకసారి అనిపిస్తూనే ఉంది. కానీ ఆమె వస్తే గుడిలో తన పక్కనే నిలబడి, తప్పంతా తనదేనని చెంపలు వేసుకుంటుంది. అప్పుడు తను నోరు మూసుకుని నిలబడాలి, లేదా నోరు విప్పాలి. ఆమె రాకపోతే చీర ఇచ్చి రావచ్చు. ఎవరూ ఏమీ అడగరు. అయితే ఏడాదిగా నిద్ర పట్టని మనిషిని నెక్కొండలో వదిలేసి ఇచ్చే చీర భద్రమ్మ మొక్కు ఎట్లా అవుతుందో అతనికి అర్థం కాలేదు. పాఠంలో అర్థం కాని చోటు వస్తే పిల్లలకు, రేపు చెప్తాను అని దాటవేసేవాడు. ఇప్పుడూ దాదాపు అట్లాగే దాటవేశాడు.

మార్చి నెలాఖరులో రాజమల్లు చీర దించాడు. తొమ్మిది గజాలు, అదే పచ్చ, అదే ఎరుపు. "కొలుచుకోన్రి సారూ" అన్నాడు. వెంకట్రాజం కొలవలేదు. చెయ్యి వేసి చూసి, మడిచి, ప్రయాణం రోజు వచ్చి తీసుకుంటానని అక్కడే ఉంచాడు.

బడిలో పరీక్షలు మొదలయ్యాయి. ఈ వేసవి పేపర్లు దిద్దే డ్యూటీ తనకు వద్దని హెడ్మాస్టరుకు ముందే రాసిచ్చాడు. ముప్పై ఏళ్లలో అట్లా అడగడం అదే మొదలు. హెడ్మాస్టరు ఒక్క మాట కూడా అడగకుండా సంతకం పెట్టాడు. మే నెల మొత్తం ఖాళీ.

సత్రానికి కార్డు కూడా రాశాడు. పేరు, ఊరు, వచ్చే తేదీ, ఉండే రోజులు. ఎంతమంది వస్తున్నారో రాయాల్సిన చోట మాత్రం, ఒకటో రెండో తేలక, అంకె వేయలేదు. టికెట్లు కొనలేదు. నెక్కొండకు ఏ సంగతీ రాయలేదు.