నీళ్ళు దిగితే తేలే దారి

వేసవి వచ్చిందంటే మా డయాలసిస్ హాల్లో నర్సులు సగానికి సగం మంది సెలవు పెట్టేస్తారు. పిల్లల బడులు మూసేస్తారు కదా, వాళ్ళని ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్ళాలి. "టీచర్ గారూ, సముద్రానికి వెళ్తున్నాం" అంటుంది ఒకమ్మాయి. "మేం కొండలకి" అంటుంది ఇంకొకమ్మాయి. చల్లగా వెళ్ళిరండమ్మా అంటాను పైకి. లోపల ఒళ్ళు మండిపోతుంది. వాళ్ళు తిరిగొచ్చేసరికి ఎండకి నల్లబడి, ముక్కు మీద తోలు ఊడి, నవ్వుతూ వస్తారు. మేం ముగ్గురం అవే కుర్చీల్లో అదే పాలిపోయిన రంగులో ఉంటాం.

ముగ్గురం అంటే నేను, డ్రైవర్ బాబాయి, టైలర్. కిటికీ లేని గోడ పక్కన వరసగా ఉన్న మూడు వాలుకుర్చీలు మావి. వారానికి మూడు రోజులు పొద్దున్నే వచ్చి, బరువు చూపించుకుని, చేతికి రెండు లావుపాటి సూదులు గుచ్చించుకుని, నాలుగేసి గంటలు కదలకుండా పడుకుంటాం. ఒంట్లో రక్తం ఒక గొట్టంలోంచి మిషన్‌లోకి పోయి, శుభ్రపడి, ఇంకో గొట్టంలోంచి వెనక్కి వస్తుంది. మేం తిరగలేని తిరుగుళ్ళన్నీ పాపం అదే తిరుగుతుంది.

నేను భూగోళం చెప్పేదాన్ని. ఎన్ని నదులో, ఎన్ని పర్వతాలో పిల్లల చేత బట్టీ వేయించాను. కళ్ళతో చూసింది మాత్రం చిన్నప్పుడు వేసవి సెలవులకి వెళ్ళిన పెద్దమ్మ వాళ్ళ ఊరి సముద్రం ఒక్కటే. మా అక్కచెల్లెళ్ళందరం తడిబట్టలతో ఇసుకలో దొర్లి ఇంటికొస్తే, పెద్దమ్మ గుమ్మంలోనే ఆపి బకెట్ల కొద్దీ నీళ్ళు కుమ్మరించేది. రిటైరయ్యాక మంచుకొండలు చూడాలని అనుకుంటూ వచ్చాను. నాకంటే ముందు నా కిడ్నీలు రిటైరయ్యాయి. ఇప్పుడు తమ్ముడింట్లో ఉంటున్నాను. మరదలు మంచిదే. నేను రోజుకి తాగాల్సిన నీళ్ళు కొలిచి ఒక సీసాలో పోసి పెడుతుంది, చుక్క ఎక్కువైతే ఊరుకోదు.

డ్రైవర్ బాబాయి నాకు చుట్టం కాడు. హాలంతా బాబాయ్ అంటుంటే నేనూ అన్నాను. దూరప్రయాణాల బస్సు నడిపినవాడు. కాలికి బలపం కట్టుకుని తిరిగిన మనిషిని తెచ్చి కుర్చీకి కట్టేస్తే ఎలా ఉంటుందో ఆయన్ని చూస్తే తెలుస్తుంది. "సెలవులంటే జనానికి ప్రయాణం, నాకు డబుల్ డ్యూటీ. మా అమ్మాయిని ఒక్క వేసవిలో కూడా ఎక్కడికీ తీసుకెళ్ళలేదు టీచరమ్మా" అనేవాడు. ఆ అమ్మాయే ఇప్పుడు ఆయన్ని తెచ్చి దింపి, మందుల షాపులో పనికి పోయి, మళ్ళీ వచ్చి తీసుకెళ్తుంది. తల్లి లేదు. ఇద్దరికిద్దరే.

మా ఆట మొదలుపెట్టింది ఆయనే. టైలర్ కొత్తగా చేరిన రోజుల్లో ఒకసారి వాడి పిక్కలు పట్టేశాయి. మిషన్ ఒంట్లో నీరు లాగేస్తుంటే అలా పడతాయి. ముప్పై ఏళ్ళు నిండని వాడు, పసిపిల్లాడిలా ఏడ్చాడు. పక్క కుర్చీలోంచి బాబాయి, "ఏడవకురా, బస్సు బయలుదేరుతోంది, ఎక్కు" అన్నాడు. అని, చీకటితో డిపోలోంచి బండి తియ్యడం దగ్గర్నుంచి చెప్పుకుంటూ పోయాడు. ఘాట్ రోడ్డు, లోయలో పొగమంచు, ఎదురొచ్చే లారీవాడు దారివ్వకపోతే వాడిని తిట్టిన తిట్లు. టైలర్ ఏడుపు ఎప్పుడు ఆపాడో మాకు తెలియలేదు.

అప్పట్నుంచీ రోజుకొకరం ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్ళేవాళ్ళం. నేను పెద్దమ్మ వాళ్ళ సముద్రానికి చాలాసార్లు తీసుకెళ్ళాను. టైలర్‌కి విమానం పిచ్చి. కానీ వాడి విమానం ఒక పట్టాన లేచేది కాదు, ఎవరేం వేసుకోవాలన్న దగ్గరే ఆగిపోయేది. "మంచుకొండలకి చీరలో వస్తావా అక్కా? కొయ్యబారిపోతావ్. ఉండు, నీకో లాంగ్ కోటు కుడతాను" అనేవాడు. ఎండ ఏ పక్క పడుతుందో, ఏ వైపు సీట్లో కూర్చోవాలో చెప్పడం నా వంతు. బాబాయి పెట్టిన నియమం ఒక్కటే: ప్రయాణంలో ఉండగా రోగం మాట, సూది మాట, మిషన్ మాట ఎత్తకూడదు. అక్కడ మేం ఆరోగ్యవంతులం. దాహమేస్తే కడుపునిండా నీళ్ళు తాగుతాం. ఏ ప్రయాణంలోనూ మేం తిరిగొచ్చింది లేదు. ఊరు చేరీచేరకముందే మిషన్ కూసేది, సిస్టర్ వచ్చి సూదులు పీకేసేది. తిరుగు బస్సు సంగతి ఎవరికీ గుర్తే వచ్చేది కాదు.

ఈ వేసవిలో బాబాయి కొత్త ప్రయాణం ఎత్తుకున్నాడు. హాల్లో టీవీలో ఏదో డ్యామ్ చూపిస్తున్నారు. నీళ్ళు ఎన్నడూ లేనంత అడుక్కి పోయాయట.

"అది మా మేనమామ డ్యామ్" అన్నాడు బాబాయి.

"మీ మామయ్య కట్టించాడా?" అన్నాడు టైలర్.

"కట్టించలేదు గానీ, కావలి కాశాడు. అక్కడ గెస్ట్‌హౌస్‌కి వాచ్‌మన్. బడి మూసెయ్యగానే మా అమ్మ మా నలుగురినీ తెచ్చి అక్కడ పడేసేది. మళ్ళీ బడి తెరిచేదాకా మామయ్య ప్రాణం తోడేసేవాళ్ళం."

డ్యామ్ కట్టకముందు అక్కడ ఒక ఊరుండేదట. ఊరు మునిగింది, ఊరికి పోయే రోడ్డూ మునిగింది. ఎండలు ముదిరి నీళ్ళు దిగితే ఆ రోడ్డు మైలురాళ్ళతో సహా పైకి తేలేది. పిల్లలు నలుగురూ పరుగెత్తుకెళ్ళి మైలురాయి మీది బురద అరచేతులతో కడిగేవాళ్ళు. అక్షరాలు ఒక్కొక్కటే బయటపడుతుంటే కేకలు పెట్టేవాళ్ళు. రోడ్డు అలాగే పోయి నీళ్ళలోకి దిగిపోయేది. వాళ్ళూ దాని వెంటే మొలలోతు దాకా దిగేవాళ్ళు.

"కాళ్ళ కింద రోడ్డు ఇంకా తగుల్తూనే ఉంటుంది టీచరమ్మా. ఆ చివరేముందో చూద్దామంటే మామయ్య కర్ర పట్టుకుని వచ్చేవాడు. ఆ రోడ్డు చివర చూడాలనే నేను డ్రైవర్నయ్యాననుకో. ఎన్ని రోడ్ల చివర్లు చూశానో, అదొక్కటే చూళ్ళేదు."

ఆ ప్రయాణం ఒక్కరోజుతో తెమల్లేదు. వచ్చినప్పుడల్లా అదే. మాకూ విసుగు పుట్టలేదు సరికదా, పోటీలు పడి సలహాలిచ్చాం. బస్సు పొద్దుటి పూట ఉత్తరానికి పోతుందంటే, ఎండ కుడివైపు కాస్తుంది కాబట్టి ఎడమ కిటికీ పక్కన కూర్చోమన్నాను. బురదలో చెప్పులు ఊడిపోతాయి, పాత బూట్లు వేసుకో అన్నాడు టైలర్. బాబాయి చిక్కిపోయి ప్యాంట్లన్నీ జారిపోతున్నాయి. ఒకరోజు నిజంగానే రెండు ప్యాంట్లు సంచిలో పెట్టుకొచ్చాడు. టైలర్ సూదుల్లేని చేత్తో, టేపు ఒక కొస పళ్ళతో పట్టుకుని, పక్క కుర్చీలోంచే నడుం కొలత తీశాడు. మేం నవ్విన నవ్వుకి సిస్టర్ వచ్చి కసిరింది. మరుసటిసారికి వాడు ప్యాంట్లు బిగించి, ఇస్త్రీ చేసి మరీ తెచ్చిచ్చాడు.

"నీళ్ళ సీసాలు పెద్దవి పట్టుకెళ్ళు బాబాయ్. దారి పొడుగునా తాగుతూ పో" అన్నాను నేను. ఎంత ఉదారంగా అన్నానో!

"తాగుతాను. శుక్రవారం పొద్దున్నే బస్సు" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మరదలు నా సీసా వెలుగుకి పట్టి చూస్తూ, "వదినా, రేపటిదాకా ఇంతే" అంది. ఆ సీసా వంక చూస్తుంటే అప్పుడు తట్టింది. శుక్రవారం మా డయాలసిస్ రోజు. ఇన్నాళ్ళూ మేం వెళ్ళిన ఏ ప్రయాణానికీ వారం, వర్జ్యం లేవు. ఎవరూ నిజం ప్యాంట్లు తేలేదు. పైగా ఎప్పుడూ "మనం పోతాం" అనే మనిషి ఈసారి మొదట్నుంచీ "నేను పోతాను" అంటున్నాడు. డయాలసిస్ మానేస్తే ఎన్నాళ్ళుంటామో మా హాల్లో కుర్చీలకి కూడా తెలుసు. వారం. గట్టి ప్రాణమైతే ఇంకొన్ని రోజులు. మనిషి చావడానికి పోతుంటే ఎండ పడని కిటికీ చూసిపెట్టాను. నాదంత గొప్ప భూగోళం.

బుధవారం నాడు టైలర్ కునుకు తీసేదాకా ఆగాను.

"బాబాయ్, అక్కడ నీకు సూదులెవరు గుచ్చుతారు?"

ఆయన తల తిప్పి చూశాడు. "నియమం తప్పుతున్నావు టీచరమ్మా."

"నియమం గంగలో కలవనీ. చెప్పు."

"ఎవరూ గుచ్చరు."

ఎంత మామూలుగా అన్నాడంటే, నాకు కొట్టాలనిపించింది.

"గెస్ట్‌హౌస్ పాడుపడిందట గానీ వరండా ఉందట. అక్కడ పడుకుంటాను. పొద్దున్నే ఆ రోడ్డు మీద నడుస్తాను. దాహం తీరా నీళ్ళు తాగుతాను. అంతకంటే నాకేం వద్దు. వానలు పడితే మళ్ళీ మునిగిపోతుంది. వచ్చే వేసవిదాకా నేనుంటానో లేదో, ఉన్నా నడవగలనో లేదో."

"మరి అమ్మాయి?"

ఆ మాటకి మాత్రం ఆయన కళ్ళు మూసుకున్నాడు. "దాని మొహం చూస్తే వెళ్ళలేను. అందుకే చెప్పలేదు. నువ్వూ చెప్పకు."

నేను మాటివ్వలేదు. కాదనీ అనలేదు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. ఆయన ప్రాణం, ఆయనిష్టం అనుకున్నాను. మళ్ళీ ఆ పిల్ల మధ్యాహ్నం హాలుకి వచ్చి ఖాళీ కుర్చీ చూడటం కళ్ళకి కట్టింది. అది నిజమే. కానీ అంతకంటే ముందు కళ్ళకి కట్టింది ఇంకొకటి. నా పక్కన ఖాళీ కుర్చీ. నేను, ఆ గోడ, నాలుగు గంటలు. ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళరు. ఆ భయంతోనే ఫోను తీసి మందుల షాపుకి చేశాను.

శుక్రవారం బాబాయి వచ్చాడు. టైలర్ బిగించిన ప్యాంటే వేసుకున్నాడు. కూతురు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, స్టూలు వేసుకుని పక్కనే కూర్చుంది. పొద్దున్నే బస్టాండు మెట్ల మీద పట్టుకుందట. "నీళ్ళ సీసాలు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు టీచర్ గారూ, ఎంత లాగినా ఇవ్వలేదు" అని నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "మీరు లేకపోతే మా నాన్న నాకు దక్కేవాడు కాదు" అంది. నేనూ ఏడ్చాను. ఆయన మాత్రం గోడవైపు తిరిగి ఉన్నాడు.

ఆ రోజు ఎవరం ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ తర్వాత కూడా వెళ్ళలేదు. కూతురు షాపులో పని మానుకుని స్టూలు మీదే కూర్చుంటోంది, సంపాదన సగం పోయింది. టైలర్‌కి సంగతి తెలిసి ఒక వారం ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు ఉండబట్టలేక, "బాబాయ్, ఒక్క ఘాట్ రోడ్డు ఎక్కించవా" అని అడిగాడు. "బస్సు లేదురా" అన్నాడు బాబాయి. నేను నా సముద్రం చెబుదామని నోరు తెరిచాను. పెద్దమ్మ బకెట్టు దాకా వచ్చి ఆగిపోయాను. ఎంత తలుచుకున్నా ఆ నీళ్ళ చల్లదనం గుర్తు రాలేదు. నాకు మిగిలిన ఆ ఒక్క వేసవి కూడా పోయిందని ఆ పూట తెలిసింది.

జోరుగా వానలు మొదలయ్యాయి. టీవీలో డ్యామ్ మళ్ళీ చూపించారు. అంతటా నీళ్ళే, రోడ్డు జాడ లేదు. కూతురు గబగబా లేచి టీవీ ఆపేసింది. కాసేపటికి మందులు తీసుకురావడానికి ఆమె బయటికి వెళ్ళింది. ఇక నా వల్ల కాలేదు.

"బాబాయ్, నన్ను తిట్టు. నోటికెంతొస్తే అంత తిట్టు. ఇలా ఊరుకోకు."

ఆయన చాలా రోజుల తర్వాత నావైపు తిరిగాడు. మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఏమని తిట్టను టీచరమ్మా? రేపు నువ్వు వెళ్తానన్నా నేనూ ఫోను చేసేవాణ్ణే. ఇక్కడ ఒక్కళ్ళం కూర్చోవడం ఎవరి వల్ల అవుతుంది చెప్పు."

ఆయన అన్నది నిజం. అది నిజమని ఆయనకి మొదట్నుంచీ తెలుసు. తెలిసే బస్టాండు మెట్ల మీంచి లేచి వచ్చాడు, తెలిసే నా పక్కన పడుకుని ఉన్నాడు. అంతలో కూతురు మందులతో వచ్చింది. "నాన్నా, మాట్లాడుతున్నావా!" అంది సంబరంగా. ఆయన ఆమెను చూసి నవ్వాడు.